చెవిలోని సున్నపు రేణువు కథ

ఈ కథ లోపలి చెవిలో ఉండే కాల్షియం కార్బొనేట్ రేణువుది. దాని చోటు యుట్రికిల్ అనే చిన్న సంచి. అక్కడి జిగురు పొరకు తోటి రేణువులతో కలిసి అంటుకుని, తల ఎటు వంగిందో మెదడుకు తెలియజేయడం దాని పని. వయసు పైబడినా, తలకు దెబ్బ తగిలినా, ఒక్కోసారి కారణం తెలియకుండానే రేణువు ఊడి అర్ధవలయ నాళంలోకి, ఎక్కువగా వెనక నాళంలోకి, జారుతుంది. ఇక మంచం మీద పక్కకు పొర్లినా, మిరప చేలో వంగి లేచినా కళ్లు గిర్రున తిరుగుతాయి. ఒక్కో విడత సాధారణంగా నిమిషంలోపే ఆగుతుంది.

ఈ జబ్బును 1921లో రాబర్ట్ బరానీ వర్ణించాడు. దాన్ని పట్టుకునే పరీక్షను 1952లో డిక్స్, హాల్‌పైక్ చెప్పారు. జాన్ ఎప్లీ 1992లో ప్రచురించిన పద్ధతిలో, పడుకోబెట్టి తలను వరుసగా తిప్పుతూ రేణువును యుట్రికిల్‌కు చేరుస్తారు.

రేణువు తన చోటికి చేరినా కొందరికి కొన్ని రోజులు, కొన్ని వారాలు తల తేలిపోతున్నట్టు, నడిస్తే తూలుతున్నట్టు ఉంటుంది. తప్పుడు సంకేతాలకు అలవాటుపడిన మెదడు మళ్లీ సర్దుకోవడానికి వ్యవధి కావాలి. చికిత్స ఆలస్యమైనవారిలో, పెద్దవయసువారిలో, ఆందోళన ఎక్కువున్నవారిలో ఇది ఎక్కువ.

ఇలా మిగిలిన తూలుడుకు వైద్యం వరుసగా సాగాలి. ముందు డిక్స్, హాల్‌పైక్ చెప్పిన పరీక్షే మళ్లీ చేసి, నాళంలో రేణువులు మిగిలితే ఎప్లీ పద్ధతిని తిరిగి చేస్తారు. లేచి నిలబడినప్పుడు బీపీ పడిపోతోందేమో చూస్తారు. ఎండలో కోతకు వెళ్లి నీళ్లు తాగనివారిలో ఇది ముఖ్యం. ఆ రెండూ కాకపోతే అసలు మందు కదలికే. చూపును ఒకచోట నిలిపి తలను అటూ ఇటూ, పైకీ కిందికీ తిప్పడం, గోడ పక్కన పాదం ముందు పాదం వేసి నడవడం రోజూ చేయాలి. తల తిరుగుడు మాత్రలు వారాల తరబడి మింగితే మత్తు కమ్ముతుంది, మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుంది. విటమిన్ డి తక్కువగా ఉన్నవారికి దాన్ని, కాల్షియంను ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గిందని 2020లో వెలువడిన దక్షిణ కొరియా పరిశోధన తేల్చింది.

తూలుడు తగ్గేదాకా మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎత్తడానికి లారీ ఎక్కకూడదు, బండి నడపకూడదు. ఈ మిరప ప్రాంతంవారు చూపించుకోవడానికి గుంటూరు, ఒంగోలు సర్వజనాసుపత్రుల్లో, మంగళగిరి ఎయిమ్స్‌లో చెవి ముక్కు గొంతు విభాగాలున్నాయి. మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, కాలూచెయ్యీ పట్టుతప్పినా అది రేణువు పని కాదు. ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.