గసగసాల కాపలాదారు

హైదరాబాద్‌లో దీపావళి దాటి ఎండ కాస్త మెత్తబడగానే మిద్దె ఎక్కే మనుషులు కొందరుంటారు. వాళ్లలో పాపీ బాబాయిది ప్రత్యేక జాతి. నర్సరీలో పెరిగిన మొక్క కొని తెచ్చుకోవడం ఆయన దృష్టిలో పెళ్లిభోజనాన్ని పార్సిల్ తెప్పించుకోవడం లాంటిది.

ఆయన విత్తే షర్లీ పాపీ అనే పూలమొక్క గింజ మిల్లీమీటరు కూడా ఉండదు. ప్యాకెట్ విప్పే పూట ఇంట్లో ఫ్యాన్లు బంద్, తుమ్ములు బంద్. గింజల్ని పొడి ఇసుకలో కలిపి తొట్టిలో చల్లాక ఇక ఊరుకోవాలి. వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తాయి కనుక పైన మట్టి కప్పకూడదు. తల్లివేరు కదిలితే ఓర్చుకోవు కనుక పీకి వేరేచోట నాటకూడదు. మగ్గుతో నీళ్లు కుమ్మరించకూడదు. అన్నీ చేయకూడని పనులే. బాబాయి చేతులకేమో ఊరుకోవడం చేతకాదు. భూతద్దం పట్టుకుని గంటకోసారి హాజరవుతాడు.

మొలిచాక మరో చిక్కు. మొక్కకీ మొక్కకీ జానెడు ఎడం ఉండేలా మిగతావి పీకేయాలి. ఆ రోజు ఆయనకి తప్పకుండా తలనొప్పి వస్తుంది. పిన్ని ఫోన్ మాట్లాడుతూనే ఆ పని కానిచ్చేస్తుంది.

"ఇంత అవస్థ ఎందుకండీ? వంటింట్లో గసగసాలున్నాయిగా, అవే చల్లుకోరాదూ!" అని ఆవిడ ఓసారి అంది.

అంతే! బాబాయి కిటికీలు మూసి, 1985 నాటి ఎన్‌డీపీఎస్ మాదకద్రవ్యాల చట్టం విప్పాడు. మసాలాలో నూరే గసగసాలు నల్లమందు మొక్కవి. లైసెన్సు లేకుండా దాన్ని పెరట్లో పెంచినా నేరమే. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సున్న రైతులు మాత్రమే పండిస్తారు. షర్లీ వేరే జాతి, యూరప్ పొలాల్లో కలుపుగా మొలిచే ఎర్రపువ్వు సంతతి. 1880 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని షర్లీలో విలియం విల్క్స్ అనే చర్చి ఫాదర్, అలాంటి ఒక పువ్వుకి సన్నని తెల్లంచు గమనించి దాని గింజలు దాచాడు. ఏళ్ల తరబడి ఏరి ఏరి, నడుమ నల్లమచ్చ లేని రకాలు రాబట్టాడు. బాబాయి నోట ఆయనెప్పుడూ "మన విల్క్స్ గారే".

చలి వెళ్లేలోగా పూత మొదలవుతుంది. తలవంచుకున్న మొగ్గ నిటారుగా లేచి, పచ్చటి తొడుగు రెండు ముక్కలై రాలి, నలిగిన రేకులు విచ్చుకుంటాయి. ఒకట్రెండు రోజుల్లో రాలిపోతాయి కూడా. అందుకే ఆయన పిలుపులు పొద్దున ఐదున్నరకే వస్తాయి. తీరిగ్గా టిఫిన్ చేసి వెళ్లినవాళ్లకి దక్కేవి ఫోటోలే.

ఆమధ్య పక్కింటాయన మొహమాటపడుతూ విత్తనాలు అడిగాడు. ఎండిన కాయ మూత కింది కన్నాల్లోంచి బాబాయి గింజలు దులిపి పొట్లం కట్టాడు. పైన జాతి పేరు, కింద "కూరలో వేయరాదు" అన్న హెచ్చరిక రాసి, తన ప్యాకెట్ రసీదు జెరాక్సు జతచేసి, ముట్టినట్టు సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చాడు.