ముద్దాయిని వడ్ల కింద రాసుకోండి

"ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు వచ్చింది. సైంటిఫిక్‌గా రుజువైంది. ఇక దీని మీద చర్చే అనవసరం."

ఈ వారం టీవీలో ఒక పెద్ద సారు ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు గురించి అన్న ఈ మాట మీరూ వినే ఉంటారు. పేరెందుకు, పెద్ద కేసు వచ్చినప్పుడల్లా ఎవరో ఒక సారు అనే మాటే. నేను మాత్రం దాన్ని భువనగిరి బయట వడ్ల కొనుగోలు సెంటర్లో, మా మామ కుప్ప పక్కన నిలబడి ఫోన్లో విన్నాను. సరిగ్గా అప్పుడే సెంటర్ పిల్లగాడు మామ వడ్లు గుప్పెడు తీసి తేమ మిషన్లో పోశాడు. 18.2 వచ్చింది. 17 దాటితే కాంటా పెట్టరు.

సైంటిఫిక్‌గా రుజువైంది కదా అని మామ ఇంటికి పోలేదు. తలకు చుట్టిన తువ్వాల విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు.

"గదేం మిషినిర? బ్యాటరీ ఉన్నదా, సచ్చిందా? అడుగుకు చెయ్యి పెట్టి తీస్తివి, పైన ఎండినయి కనవడ్తలెవ్వా? ఇంకోపారి పెట్టు."

ఇంకోపారి పెడితే 17.4. "పక్క సెంటర్ మిషిన్ తెప్పియ్." తెప్పించారు. 16.8. కాంటా అయింది.

మామను ఎవరూ సైన్సుకు శత్రువు అనలేదు. మిషన్ మనోభావాలు దెబ్బతినలేదు. వడ్ల మీద అనుమానమొస్తే మళ్లీ చూడమనడం రైతు హక్కని సెంటర్ పిల్లగాడికీ తెలుసు, హమాలీలకూ తెలుసు, గుట్ట మీది కోటకూ తెలుసు.

అందుకే కలెక్టర్ గారికి ఈ కాలమ్ ద్వారా నా వినతి: ఈ సీజన్ నుంచి రాష్ట్రంలోని ముద్దాయిలందరినీ ధాన్యంగా గుర్తించాలి. గ్రేడింగ్‌కు ఇబ్బంది లేదు. ఏ-1, ఏ-2 అని పోలీసులు ముందే చేసి పెట్టారు.

నవ్వకండి. లాభాలు చూడండి.

ముందుగా, శాంపిల్ రైతు కళ్ల ముందే తీస్తారు. వడ్లు పరదా కింద పది రోజులుంటే రైతు పక్కనే మంచం వేసుకుని, కర్ర పట్టుకుని పంది రాకుండా, వాన తగలకుండా కాస్తాడు. మరి రక్తపు మరకల గుడ్డ, వెంట్రుక, దూదిలో అద్దిన శాంపిల్ పోలీసు స్టేషన్ మాల్ఖానాలో పడుకుంటే పక్కన మంచం ఎవరిది? ఢిల్లీ ఛావ్లా అత్యాచారం, హత్య కేసులో 2012 ఫిబ్రవరిలో సేకరించిన శాంపిళ్లు 11 రోజులు పోలీసు మాల్ఖానాలోనే ఉన్నాయి. ఆ తర్వాతే ల్యాబ్‌కు పోయాయి. ముగ్గురికి ఉరిశిక్ష పడింది, హైకోర్టు సరేనంది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ముగ్గురినీ వదిలేస్తూ ఏమందంటే, డీఎన్‌ఏ రిపోర్టు ఏ పరీక్ష మీద, ఏ ఆధారం మీద నిలబడిందో కింది కోర్టూ చూడలేదు, హైకోర్టూ చూడలేదు. మొదటి రీడింగ్‌కే మూడు తాళ్లు పేనేశారన్నమాట. మా సెంటర్లో అయితే మొదటి రీడింగ్‌కు గోనె సంచి కూడా ఇవ్వరు.

ఇంకొకటి. మిషన్ పట్టిన పిల్లగాడు అక్కడే నిలబడి ఉంటాడు. తిట్టొచ్చు, అడగొచ్చు, బ్యాటరీ విప్పి చూపించమనొచ్చు. చట్టంలో ఆ సదుపాయం కొంచెం తక్కువ. ప్రభుత్వ ల్యాబ్ నిపుణుడి రిపోర్టును, ఆయన్ను బోనెక్కించకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చని పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 293వ సెక్షన్ చెప్పేది. కోర్టుకు అనిపిస్తే పిలుస్తుంది, అంతే. 2024 జులై 1న కొత్త చట్టాలు వచ్చాయి, వలస వాసన వదిలింది అన్నారు. ఇప్పుడది కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 329. గమనించారా? అవే మూడు అంకెలు. రెండునూ తొమ్మిదినీ జరిపి మూడును ముందుకు తెచ్చారు. సంస్కరణ అంటే ఇదీ! అదే చట్టం 176వ సెక్షన్ ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలికి రావాల్సిందేనంటోంది. మంచిదే. మిషన్లు పెరుగుతాయి. ఇంకోపారి పెట్టమనే గొంతు ఎక్కడ పెరిగింది?

మిల్లరు సంగతి చెప్పకపోతే మామ ఊరుకోడు. సెంటర్లో పాసైన వడ్లను మిల్లరు మళ్లీ చూస్తాడు. తాలు ఉందంటాడు, బస్తాకు కిలో రెండు కిలోలు తరుగు కోస్తాడు. పాపాత్ముడే. కానీ ఒక విషయం ఒప్పుకోవాలి: అతని లాభం వేరు కాబట్టే అతని కన్ను వేరు. మరి మన ల్యాబ్? రాష్ట్ర ఎఫ్‌ఎస్‌ఎల్ హోం శాఖది. కేసు కట్టిన పోలీసూ హోం శాఖే. కాంటా, మిషన్, మిల్లు మూడూ ఒకే ఇంటివైతే మా మామ ఈపాటికి హైవే మీద లారీకి అడ్డం పడుకునేవాడు. ముద్దాయి పడుకోలేడు, చర్లపల్లి జైల్లో ఉంటాడు.

మా వకీలు సాబ్‌కు ఈ ఆలోచన చెబితే గడ్డం గోక్కున్నాడు. "వడ్లకు మద్దతు ధర ఉంటది. ముద్దాయికి ఏం ధర కడతరు?" అన్నాడు. ఆ లెక్కకు వస్తాను, ఆగండి.

తన కాంటాను తనే మళ్లీ చూసుకున్న మిల్లరు కూడా లోకంలో లేకపోలేదు. అమెరికాలో ఎఫ్‌బీఐ, నిర్దోషుల తరఫున పనిచేసే వకీళ్లను పక్కన కూర్చోబెట్టుకుని పాత కేసులు తిరగేసింది. మైక్రోస్కోపు కింద వెంట్రుకలు పోల్చి తమ నిపుణులు ముద్దాయికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన 268 కేసులు తీస్తే, 257 కేసుల్లో చెప్పింది తప్పు. 2015లో ఈ సంగతి తనే బయటపెట్టింది. వాటిలో మరణశిక్ష పడినవి 35. తప్పు దొరికినవి 33.

మన దగ్గర రెండోసారి చూడరని నేనంటే అబద్ధమాడినట్టే. ఒకసారి చూశారు. మన పాత పాలమూరు జిల్లాలోనే. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. అదే రోజు మహబూబ్‌నగర్ ఆస్పత్రిలో పోస్టుమార్టం అయింది. హైకోర్టు మళ్లీ చేయమంటే ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు వచ్చి 23న గాంధీ ఆస్పత్రిలో రెండోసారి చేశారు. స్వతంత్ర నిపుణులు, బయటి రాష్ట్రం, వేరే కన్ను, అన్నీ కుదిరాయి. మనుషులే లేరు. పోలీసులు చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ చెప్పింది. ఆ కేసులో సేకరించిన సైంటిఫిక్ సాక్ష్యాన్ని ఏ జడ్జీ పరీక్షించే అవసరం రాలేదు. రెండో తూకం కావాలంటే ముందు చావాలి. ఇదీ మన పద్ధతి.

ఇప్పుడు ధర లెక్క. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో ఒక విద్యార్థినిని చంపారు. 2008లో ఒక పేద కుర్రాడిని పట్టుకొచ్చి డీఎన్‌ఏ కలిసిందన్నారు. సైంటిఫిక్, చర్చ అనవసరం. 2010లో శిక్ష వేశారు. జైల్లోనే అతనికి కాళ్లు చచ్చుబడ్డాయి. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని చెప్పి, లక్ష రూపాయలు ఇమ్మంది. ఎనిమిదేళ్లకు పైగా జైలు. రోజుకు 35 రూపాయలు కూడా పడలేదు. వకీలు సాబ్, రాసుకోండి: ఇప్పటి మద్దతు ధరకు కిలోన్నర వడ్లు కూడా రావు. మిల్లరు బస్తాకు కోసే తరుగంత. ఒక మనిషి యవ్వనం తరుగు కింద పోయింది.

నాకిక ఎగతాళి చేతకావడం లేదు. ఆడపిల్లల శవాలు దొరికిన హాజీపూర్ బావి మన జిల్లాలోనే ఉంది, ఆ తల్లుల ముందు నిలబడి ముద్దాయి తరఫున మాట్లాడతావా అని మీరడగొచ్చు. మాట్లాడతాను, ఆ తల్లుల కోసమే. తప్పుడు మనిషిని లోపల పెట్టిన ప్రతి రిపోర్టూ అసలువాణ్ని బయట తిప్పుతుంది. శాంపిల్లో సగం సీలు వేసి దాచండి. రెండు పేజీల తీర్పు లాంటి రిపోర్టు కాదు, పరీక్ష చేసిన కాగితాలన్నీ ముద్దాయి వకీలుకివ్వండి. డబ్బు లేనివాడికి సర్కారు ఖర్చుతో వేరే నిపుణుణ్ని పెట్టండి. ల్యాబ్‌ను పోలీసుల ఇంట్లోంచి బయటికి తీయండి. ఇందులో ఏ ఒక్కటీ మా మామ అడిగినదానికన్నా ఎక్కువ కాదు.

ఇబ్రహీంపట్నం కేసును హైకోర్టు 2018లో సీబీఐకి ఇచ్చింది. అప్పటికే విజయవాడ కోర్టులో ఆ కేసు సాక్ష్యాలను ధ్వంసం చేసేశారు. 2019 డిసెంబరులో తెనాలిలో ఆ అమ్మాయి సమాధి తవ్వి ఎముకలు మళ్లీ ల్యాబ్‌కు పంపారు. ఆమెను నిజంగా చంపింది ఎవరో ఇప్పటికీ ఏ కోర్టూ తేల్చలేదు.