రెండు బాటిళ్లు రాసెయ్యండి

కొత్తగా సర్జరీ వార్డులో అడుగుపెట్టిన హౌస్ సర్జన్లకు, ముప్పై ఏళ్లుగా మత్తు డాక్టరుగా నెట్టుకొస్తున్న నేను చెప్పే చిట్కాలివి.

రక్తం ఎక్కించాలా వద్దా అన్నది రోగిని చూసి తేల్చే విషయం కాదు. ల్యాబ్ కాగితం చూడండి. హిమోగ్లోబిన్ పదికి తగ్గిందా, కేస్ షీట్లో రెండు బాటిళ్లు రాసెయ్యండి (సంచులొచ్చి ఏళ్లయినా మన నోట బాటిళ్లే). ఈ పది ఎక్కడిదని అడక్కండి. 1942లో ఆడమ్స్, లండీ అనే ఇద్దరు అమెరికా మత్తు డాక్టర్లు అనుభవం కొద్దీ అన్న మాట. తాతల నాటి మాట కాదంటామా?

ఆరో నంబరు బెడ్డు మామ్మగారినే తీసుకోండి. బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషనై మూడో రోజు. రిపోర్టు 8.6. మీరు మంచం దగ్గరికి వెళ్లారో, చెడ్డారే. ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుని, చట్నీ నీళ్లలా చేశావేమే అని కోడల్ని సాధిస్తూ ఉంటుంది. పల్స్ 84. ఆయాసం లేదు, గుండెల్లో నొప్పి లేదు, వాకర్ పట్టుకుని నిలబడితే కళ్లు తిరగడం లేదు. ఇవన్నీ కంటబడితే పెన్ను కదలదు. అందుకే సిస్టర్ల టేబుల్ దగ్గరే ఆగిపోండి. తుంటి విరిగి, గుండె జబ్బో దాని ముప్పో ఉన్న 2,016 మంది మీద చేసిన పరిశోధన ఒకటి 2011లో అచ్చయింది. పదికి తగ్గగానే ఎక్కించినా, ఎనిమిదికి తగ్గేదాకానో లక్షణాలు కనబడేదాకానో ఆగినా, అరవై రోజులకి నడకలోగానీ చావుల్లోగానీ తేడా లేదట. ఇలాంటివి చదివితే చేసే పని మీద నమ్మకం పోతుంది.

రెండే ఎందుకంటారా? తాంబూలంలో అరటిపండు ఒక్కటి పెడతామా? ఒక్క బాటిలెక్కిస్తే సుమారు ఒక గ్రాము పెరుగుతుంది. ఆగి మళ్లీ పరీక్ష చేస్తే రెండోది అక్కర్లేదని తేలిపోయే ప్రమాదముంది. ముసలి గుండె ఆ భారం మొయ్యలేక రాత్రి రెండింటికి ఊపిరితిత్తుల్లో నీరు చేరితే, వయసు అలాంటిదనండి. ఆ నీరు లాగెయ్యడానికి లాసిక్స్ ఉండనే ఉంది.

రక్తం తగ్గుతోందేమో తెలుసుకోవడానికి రోజూ పొద్దున్నే రక్తం తియ్యండి. సెలైన్ ఎక్కుతున్న చేతికే సూది గుచ్చితే మరీ సులువు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు అలా తీసి 5.9 తెప్పించాను. రోగి కొడుకు ఆటో తోలేవాడు. బావమరిదినీ ఇద్దరు స్నేహితుల్నీ అదే ఆటోలో వేసుకొచ్చి రక్తమిప్పించాడు. తర్వాత రెండో చేతినుంచి తీస్తే 9.8. ఆ సంగతి మా ప్రొఫెసరుగారికి చెప్పలేదు. ఆయన పోయి కూడా చాలా కాలమైంది.

ముందే తారీఖు ఖాయమైన మోకాలి మార్పిడి కేసుల్లో తొమ్మిది గ్రాములే ఉందని నెల ముందే తెలుస్తుంది. ఐరన్ తక్కువేమో చూడొద్దు, ఐరన్ ఇంజెక్షన్ ఊసెత్తొద్దు. అది పనిచెయ్యడానికి వారాలు పడుతుంది, ఎవరికుంది అంత ఓపిక? ట్రానెగ్జామిక్ యాసిడ్ అని, జపాన్‌లో ఒకామోటో దంపతులు కనిపెట్టి 1962లో ప్రకటించిన మందొకటుంది. చవక, పైగా ఆపరేషన్లో రక్తం పోవడం తగ్గిస్తుంది. దాని జోలికి పోకండి, బ్లడ్ బ్యాంకు వాళ్లతో పరిచయాలు తెగిపోతాయి.

ఇక ఆఖరిది. పది అంటే పదే, కిందైనా పైనైనా. కడుపు ఆపరేషనై గంటన్నర. డ్రైన్ సంచి ఎర్రగా నిండితే సిస్టర్ ఒకసారి వంపేసింది, మళ్లీ నిండుతోంది. పల్స్ 132, బీపీ 80. కుర్రాడి అరచేతులు చల్లబడ్డాయి, దాహం దాహం అంటున్నాడు. అప్పుడే తీసిన రిపోర్టు 11.4. పోతున్న రక్తం ఎంత చిక్కనో ఒంట్లో మిగిలిందీ అంతే చిక్కన, నీరు చేరి పలచబడితేగానీ ఆ అంకె దిగదు సార్ అని సిస్టర్ అనబోతుంది. వినకండి. పదికి పైనే ఉందిగా. ‘రెండు గంటలాగి రిపీట్ హెచ్‌బీ’ అని రాసి, టీకి వెళ్లండి.