జాబితా జారిన మేడ

1913 నాటి టౌనుహాలు ఆవరణముననే కొలువుదీరుచున్న తెలంగాణ శాసనసభకు క్రొత్త భవనమొకటి కావలెనని 2019లో తోచినప్పుడు, హైదరాబాదునందలి ఖాళీ నేలలన్నియు ఎచ్చట దాగెనో గాని, ఏలినవారి దృష్టి సూటిగ పోయి నవాబు ఫక్రుల్ ముల్కు కట్టించిన ఇర్రం మంజిల్ మీదనే వ్రాలెను. దానిని కూల్చుటకు అడ్డులేదనుటకై చూపిన ఉపపత్తి తార్కికులు సైతము తలపంకింపదగినది: చారిత్రక కట్టడములను కాపాడు నగరనిర్మాణ నియమావళిలోని 13వ నిబంధనను 2015లో ప్రభుత్వమే రద్దుచేసియుండెను గావున, ఆ మేడ యిక చారిత్రకము కాదట! గోడలో ఇటుకయైనను కదలలేదు; కదలినది కాగితము. ఇంతటి సులభోపాయమెరుగక పూర్వులు పాపము గునపములతో శ్రమించిరి.

జూన్ నెలలో శంకుస్థాపనము జరిగెను. ముహూర్తమున దోషములేదు కాబోలు, లోపించినది నగరాభివృద్ధి సంస్థయగు హెచ్.ఎం.డి.ఏ. అనుమతి యొక్కటే. నగర ప్రణాళికలో ఆ మేడకు రక్షణ యింకను నిలిచియున్నదని సెప్టెంబరులో హైకోర్టు పలికి, మంత్రిమండలి తీర్మానమును కొట్టివేసెను.

ఇక భయమెల్ల వాననుగూర్చియే. దానికి తీర్మానమక్కరలేదు, హైకోర్టు ఉత్తరువు దానికంటదు, మరమ్మతునకు నిధులీయనివారిపై దానికి ఫిర్యాదును లేదు.