గుంజుతది సారూ!

అమెరికా పోతున్న కుర్రాడి సూట్‌కేసు శంషాబాద్ ఎయిర్‌పోర్టు కాటా మీద 23 కిలోల 700 గ్రాములు తూగింది. 23 దాటకూడదు. నేల మీదే జిప్పు విప్పారు. లోకమంతా చూస్తుండగా బనియన్లు, కుక్కరు మూత, కందిపొడి పొట్లాలు బయటపడ్డాయి. చివరికి ఆవకాయ సీసా ఒకటి బహిష్కరణకు గురై, గేటు దగ్గర కాపలా జవాను కళ్లెదుటే మేనమామ చేతికి తిరిగొచ్చింది. ఏ ఒక్క పెట్టె 32 కిలోలు దాటినా మామూలుగా తీసుకోరు, మోసేవాడి నడుం పోతుందని. మంచి నియమమే. మనిషి నడుముకీ ఓ లెక్క ఉందని ఒప్పుకున్న చోటు దేశంలో ఇదొక్కటే కాబోలు.

లోపల విమానాలు నిలిపే చోట ఇంకా పట్టింపు ఎక్కువ. డెబ్బై టన్నుల పైచిలుకు విమానాన్ని వెనక్కి నెట్టే టగ్ బండి నడపాలంటే మామూలు లైసెన్సు చాలదు. ఎయిర్‌సైడ్ పర్మిట్ వేరే తెచ్చుకోవాలి. అంతా నడక వేగంలోనే.

ఇక గేటు దాటి బెంగళూరు హైవే ఎక్కండి. కాటా అక్కడా ఉంది, పేరే ధర్మకాటా. పాలమాకుల వైపు ఒకదాని దగ్గర టీ తాగుతూ నిలబడ్డాను. పన్నెండు టైర్ల టిప్పరొకటి కంకరతో కాటా ఎక్కింది. స్ప్రింగు పట్టీలు విల్లులా ఉండాల్సినవి స్కేలులా తిన్నగా ఉన్నాయి. కిర్రుమంటూ చీటీ వచ్చింది. గ్రాస్, టేర్, నెట్ అని మూడు అంకెలు: నిండు బరువు, ఖాళీ బరువు, సరుకు బరువు. గ్రాస్ ఎంతుందో చూసి, "ఏందన్నా, ఇంత ఎక్కించినవ్?" అన్నాను. చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ డ్రైవరు నా అమాయకత్వానికి జాలిపడ్డాడు: "గుంజుతది సారూ!"

అదే మన రవాణా శాస్త్రం. గుంజితే చాలు, మొయ్యొచ్చు. ఆగుతుందా అన్న ప్రశ్న సిలబస్‌లో లేదు. ఇక ధర్మకాటాలో ధర్మమంతా అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్యనే. రోడ్డుకు అందులో వాటా లేదు. నేరం చేసినవాడే డబ్బిచ్చి, నేరానికి రుజువును తారీఖుతో సహా అచ్చు వేయించుకుని జేబులో పెట్టుకు తిరిగే దేశం ఇంకోటుంటే చెప్పండి, చూసొస్తాను.

చట్టం లేదా అంటే, నిక్షేపంగా ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకూ 2,000. ఎక్కువైన సరుకు దింపేదాకా బండి కదలకూడదు. కంకర ఎక్కడ దింపాలి? రోడ్డు పక్కన. అప్పుడు అది లోడు కాదు, గుట్ట. అంతకుముందే 2018లో కేంద్రం ఇంకో ఉపాయం చేసింది. పన్నెండు టైర్ల బండి నిండు బరువు 31 టన్నులు దాటకూడదన్నది పోయి 35 అయింది. లోడు తగ్గించడం కష్టం, అంకె పెంచడం తేలిక. చొక్కా బిగుతైతే టేపును సాగదీసినట్టు.

లైసెన్సు సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. తేలికపాటి వాహనమంటే 7,500 కిలోల లోపు. ఎలా తూచాలి? లారీకి, బస్సుకు నిండు బరువు. కారుకు, ట్రాక్టరుకు, రోడ్డు రోలరుకు ఖాళీ బరువు. (రోడ్డు రోలరు మీద సరుకు ఎక్కడ పెడతారో నాకిప్పటికీ అంతుపట్టలేదు.) అంటే ట్రాక్టర్ ఎప్పటికీ తేలికే. వెనక ట్రాలీ నిండా ఇటుకలున్నా దాని తేలికదనానికి భంగం లేదు. ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టర్ లైసెన్సు చెల్లకుండా పోదని 2001లో నాగశెట్టి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. సరే. కానీ చాలా ట్రాలీలకు సొంత బ్రేకు ఉండదే! ముందున్నది ఆగుతుంది, వెనకున్నది ఆగనంటుంది. ఆ గొడవ కోర్టుకు వెళ్లదు, రోడ్డు మీదే తేలుతుంది.

బీమా కంపెనీల వాదన మరీ ముచ్చటైనది. ఖాళీ కారు నడిపేవాడికి డ్రైవింగ్ వచ్చు. అదే మనిషి అంతకంటే పెద్దది కాని ఆటోట్రాలీలో టమాటా బుట్టలు ఎక్కించుకుంటే, లైసెన్సులో రవాణా ముద్ర లేదు కాబట్టి రానట్టే, పరిహారం మేమివ్వం అని. ఏళ్ల తరబడి సాగిన ఆ పంచాయితీకి 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం ముగింపు పలికింది: 7,500 కిలోల లోపైతే ఆ కారు లైసెన్సే చాలు.

లైసెన్సుల సడలింపు మన దగ్గరే కాదు. బ్రిటన్‌లో జనం సెలవులొస్తే కారు వెనక క్యారవాన్ తగిలించుకుని పోతారు. (మనకు క్యారవాన్ అంటే హీరోగారు మేకప్ వేసుకునే ఏసీ బస్సు.) పెద్ద ట్రైలర్ లాగడానికి వేరే పరీక్ష పెట్టి, లారీ డ్రైవర్ల కొరత రాగానే 2021 డిసెంబర్‌లో అక్కడా ఎత్తేశారు. ట్రైలర్ బరువుకున్న 3,500 కిలోల హద్దు మాత్రం కదలలేదు.

ఇక మన రోడ్డు మీదికొస్తే, 2025 నవంబర్ 3 పొద్దున చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. కంకర బస్సులోకి ఒరిగిపోయింది. మనుషులు కూర్చున్న సీట్లలోనే కూరుకుపోయారు. కొన్నాళ్లు తనిఖీలన్నారు, కేసులన్నారు. నేను టీ తాగిన కాటా దగ్గర చీటీలు మాత్రం కిర్రుమంటూనే ఉన్నాయి.

అన్నట్టు ఆ ఆవకాయ సీసా. కుర్రాణ్ని సాగనంపడానికి ఊరి నుంచి ఏడు సీట్ల బండిలో పదమూడు మంది వచ్చారు. తిరుగు ప్రయాణంలో వెనక డోరు రెండోసారి గట్టిగా నెడితే గానీ పడలేదు. బండి బరువు గురించి ఎవరూ మాట్లాడలేదు. సీసా ఎవరి ఒళ్లో పెట్టాలన్న దగ్గరే బండి కాసేపు ఆగింది.