అయిదు కిలోమీటర్లు తక్కువైన ఓరుగల్లు

రెండు ఊళ్ల మధ్య దూరాన్ని రోడ్డు మీద ఒక తీరుగా, పట్టాల మీద మరో తీరుగా, ఆకాశంలో ఇంకో తీరుగా కొలుస్తారన్నది అందరికీ తెలిసిందే గానీ, ఒప్పంద పత్రంలో కొలిచే నాలుగో దూరమొకటి ఉందనీ, తక్కిన మూడింటినీ అదే శాసిస్తుందనీ చాటిన ఘనత వరంగల్ శివారులోని మామునూరు విమానాశ్రయానికే దక్కాలి. 2004లో జీఎంఆర్ సంస్థతో కుదిరిన హైదరాబాదు శంషాబాద్ విమానాశ్రయ రాయితీ ఒప్పందం, అనగా ప్రభుత్వం తన హక్కును నిర్ణీత కాలానికి ప్రైవేటు సంస్థకు అప్పగించే పత్రం, అక్కడ విమానాలు మొదలైన నాటి నుంచి 25 ఏళ్లపాటు 150 కిలోమీటర్ల గగన దూరంలో, అనగా మలుపుల్లేని తిన్నని గీత మీద, మరో విమానాశ్రయం ఎదగరాదని నిర్దేశించింది. నిజాం ఏలుబడిలో కట్టిన మామునూరు, ఆ గీత మీద సుమారు 145 కిలోమీటర్ల దగ్గర దొరికిపోయింది.

ఈ అయిదు కిలోమీటర్ల లోటుకు బాధ్యులెవరో చరిత్రకారులే తేల్చాలి. రాజధానిని హనుమకొండ నుంచి ఓరుగల్లుకు, అనగా నేటి వరంగల్‌కు, తరలించిన కాకతీయులు, ఎలాగూ మూటాముల్లె సర్దుకున్నారు గనుక, మరికాస్త తూర్పుకు జరిగి ఉంటే ఈ చిక్కే వచ్చేది కాదు. ఒప్పందాన్ని ముందుగా చదవకుండా కోట కట్టడం వారి పొరపాటు.

ఇక హైదరాబాదుకే విమానం కావాలని ఉత్సాహపడే వారి సంగతి వేరు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న ఏటీఆర్ విమానం ఆ దూరాన్ని ఇరవై నిమిషాల్లోపే దాటేస్తుందని లెక్క చెబుతుంది. కాజీపేట నుంచి హనుమకొండ చౌరస్తా, వరంగల్ దాటుకుని మామునూరు చేరడం, రెండు గంటల ముందే వరుసలో నిలబడి బెల్టు విప్పి ప్లాస్టిక్ తట్టలో పెట్టడం, దిగాక శంషాబాద్ నుంచి నగరంలోకి టాక్సీ వెతుక్కోవడం ఆ లెక్కలో రావు. ఈలోగా 132 కిలోమీటర్ల పట్టాల మీదుగా రైలు సుమారు రెండు గంటల్లో, బెల్టు జోలికి పోకుండానే, సికింద్రాబాదులో దించేస్తుంది.

అసలు నష్టం దూర ప్రయాణాల్లో ఉంది. విశాఖ తూర్పున ఉండగా కాజీపేట వాసి ముందు పడమరకు పోయి, శంషాబాదులో విమానమెక్కి, తాను వదిలి వచ్చిన దిక్కుకే మళ్లీ ఎగరాలి. గాలిలో గడిపే గంట కోసం నేల మీద మూడు గంటలు ధారపోయాలి. పాలకులు దీన్నే అనుసంధానం అంటారు.

చివరకు జీఎంఆర్ అభ్యంతరం లేదన్నది, 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతించింది, రన్‌వే పొడిగింపునకు అదనంగా 253 ఎకరాలు కావాలని తేలింది. అభ్యంతరం తొలగినా ఆ అయిదు కిలోమీటర్లు ఎక్కడికీ పోలేదు. మామునూరు నుంచి తొలి విమానం లేచే దాకా, విశాఖకు ఎగరదలచిన కాజీపేట ప్రయాణికుడు ముందుగా సికింద్రాబాదు రైలే ఎక్కాలి.