ఎక్స్ అలారం, జెడ్ కదలిక

మల్టీమీటర్ బీప్ కొట్టిందంటే వైరు బాగున్నట్టే అని గట్టిగా నమ్మినవాణ్ణి నేను. ఆ నమ్మకానికి ఒక సర్వో డ్రైవ్, నాకంటే చిన్నవాడైన ఆపరేటర్ ముందు నా పరువు ఖర్చయ్యాయి.

మాది బాలానగర్‌లో చిన్న జాబ్‌వర్క్ షెడ్డు. సీఎన్‌సీ లేత్ మీద బుష్షులు చేస్తాం. ఉన్నట్టుండి ఎక్స్ యాక్సిస్ అలారం వచ్చి మెషీన్ ఆగిపోయేది. రీసెట్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడిచేది. చూద్దామని నేను పక్కన నిలబడితే అసలు ఆగేదే కాదు. ముందు కరెంటోళ్లను తిట్టుకుని స్టెబిలైజరు తెచ్చాను. తర్వాత ఎర్తింగ్ గుంతలో ఉప్పూ బొగ్గూ పోయించాను. ఎర్తింగ్ బాగుపడింది, అలారం మాత్రం పోలేదు.

ఆపరేటర్ అప్పటికే చెప్పాడు. "సార్, ఎక్స్ అలారమే గానీ, జెడ్ స్పీడుగా వెనక్కొచ్చేటప్పుడే వస్తది." నవ్వాను. జెడ్ కదిలితే ఎక్స్‌కేం నొప్పయ్యా అన్నాను. డిప్లొమా చదివిన బుర్ర కదా! మోటారు కేబుల్ విప్పి మూడు ఫేజులకూ మీటర్ పెట్టాను. మూడూ బీప్ కొట్టాయి. కేబుల్‌లో లోపం లేదు కాబట్టి డ్రైవే పోయిందని తేల్చేసి, అప్పు చేసి కొత్తది బిగించాను. మళ్లీ అదే అలారం.

అప్పుడు గానీ రోజూ కళ్లెదుట ఉన్నది కనబడలేదు. మా లేత్‌లో జెడ్ మోటారు బెడ్డుకు బిగించి ఉంటుంది. ఎక్స్ మోటారు క్యారేజీ మీద ఉంటుంది. జెడ్ కదిలినప్పుడల్లా క్యారేజీతో పాటు అదీ పోతుంది, దాని కేబుల్ డ్రాగ్ చైన్‌లో మడతపడుతూ సాగుతూ ఉంటుంది. ఎక్స్ కేబుల్‌ను నలిపేది జెడ్డే! కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం.

మెయిన్ ఆపి, డ్రైవ్ మీద ఛార్జ్ లైటు పూర్తిగా ఆరేదాకా ఆగి (కెపాసిటర్ల దగ్గర తొందర పనికిరాదు) కేబుల్ రెండు కొసలూ విప్పాం. అతను చైన్‌ను కొద్దికొద్దిగా వంచుతుంటే నేను మీటర్ చూస్తున్నాను. ఒక మడత దగ్గర బీప్ ఆగింది, వచ్చింది, మళ్లీ ఆగింది. తొడుగు కోస్తే ఒక ఫేజులో రాగి పోగులు దాదాపు అన్నీ తెగి ఉన్నాయి. కేబుల్ కదలకుండా ఉంటే తెగిన కొసలు ఒకదాన్నొకటి ఆనుకుంటాయి, మీటర్ బీప్ కొడుతుంది. ఒక్క పోగు మిగిలినా అంతే. తెగిన మేర కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి పెరిగే రెసిస్టెన్స్ మిల్లీ ఓముల్లోనే ఉంటుంది, మామూలు మీటర్‌కు అందదు. ఆంపియర్ల కొద్దీ లాగే మోటారు దగ్గర ఆ ఒక్క పోగు ఏ మూలకి?

సిగ్గుపడాల్సింది ఇంకా ఉంది. ఆ కేబుల్ వేసింది నేనే. పాతది పాడైనప్పుడు చైన్ కోసమే చేసిన కేబుల్ ధర విని, కొట్లో దొరికిన మామూలు ఫ్లెక్సిబుల్ తెచ్చి వేశాను. రెండూ 2.5 చదరపు మిల్లీమీటర్లే కదా అనుకున్నాను. మామూలు దాంట్లో 0.25 మి.మీ. పోగులు సుమారు 50 ఉంటాయి. చైన్ కేబుల్‌లో 0.15 మి.మీ. పోగులు 140 దాకా ఉంటాయి. పోగు ఎంత సన్ననైతే మడతకు అంత ఓర్చుకుంటుంది.

ఈసారి అసలు కేబులే కొన్నాను. తీసి పక్కన పెట్టిన పాత డ్రైవ్‌ను మళ్లీ బిగించాం, బ్రహ్మాండంగా నడుస్తోంది. కొత్త డ్రైవ్ అమ్మకానికి ఉంది, కావలసినవాళ్లు చెప్పండి.